కాశింబీ ముంత

తోడు అడిగిన మనిషికి లేదని చెప్పకూడదు. దీపం పెట్టాక అయితే వేరే మాట, అప్పుడు పెరుగు గడప దాటకూడదు. పొద్దున పూట మాత్రం ఇంట్లో చెంచాడే ఉన్నా అందులో సగం వాళ్ల గిన్నెలో వేసి పంపాల్సిందే. మా అమ్మ నేర్పిన మర్యాదల్లో సగానికి పైగా మరిచిపోయాను గానీ ఇది నా చేతికి పట్టేసింది. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా పిల్లలకు చేతులు కడుక్కోవడం, ఒకరి ఎంగిలి ఒకరు తినకపోవడం నేర్పిన దాన్ని, నాకు ఆ మాత్రం తెలియదా? తెలుసు. తెలిసే చేశాను. అందుకే ఇది ఇంకెవరి మీదా తోసేయడానికి లేదు.

నా పేరు మాల్యాద్రమ్మ, మాది కనిగిరి. నా కూతురు చెంచులక్ష్మికి ఇరవై ఆరేళ్లు. బడిలో లెక్కలు చెబుతుంది. రెండేళ్ల కిందట దాని కిడ్నీలు రెండూ పనిచేయడం మానేస్తే నా ఎడమ కిడ్నీ తీసి దానికి పెట్టారు. కన్నతల్లిదైనా సరే, పరాయి అవయవాన్ని ఒళ్లు ఒప్పుకోదట. ఒంట్లో కాపలా కుక్క ఒకటి ఉంటుంది, కొత్త మనిషి కనిపిస్తే కరుస్తుంది. దాన్ని రోజూ జోకొట్టి పడుకోబెట్టాలి. అందుకు మాత్రలున్నాయి గానీ చెంచుకి అవి పడలేదు. చేతులు వణికి సుద్దముక్క పట్టుకోలేకపోయేది. తిన్నది నిలిచేది కాదు. సరిగ్గా అప్పుడే ఒంగోలులో జీవదధి అనే కంపెనీ ప్రయోగశాలలో పెరుగుమందు తయారైంది.

చెంచు కడుపులో ఉండే సూక్ష్మజీవులనే కొన్ని బయటికి తీశారు. ఆ మందు తయారుచేయడం వాటికి నేర్పారు. పాలలో వేసి తోడుగా ఇచ్చారు. రోజూ ఉదయం చిన్న గిన్నెడు పెరుగు తింటే ఆ రోజుకి కుక్క పడుకుంటుంది. ఎవరి కడుపు కొలతకు వాళ్ల తోడు, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. అసలు తోడు మా ఊళ్లోని కంపెనీ మందుల కొట్టులో, ఫ్రిజ్జు లాంటి చల్లపెట్టెలో ఉండేది. ప్రతి సోమవారం డాక్టరు చీటీ చూపిస్తే అక్కడ మందులిచ్చే ఏసోబు ఒక చిన్న సీసా ఇచ్చేవాడు. దాంతో ఇంట్లో ఏడు రోజులు తోడుపెట్టుకోవచ్చు. రోజూ పెరుగులో ఒక కాగితపు పట్టీ ముంచి చూడాలి. వంకాయ రంగుకు తిరిగితే మందు ఉన్నట్టు. ఆరో రోజుకి రంగు వెలిసిపోతుంది, ఏడు దాటితే పట్టీ తెల్లగానే ఉండిపోతుంది.

నియమాలు చాలానే చెప్పారు. స్టీలు గిన్నెలోనే తోడుపెట్టాలి, దాన్ని రోజూ సలసల కాగే నీళ్లతో కడగాలి. ఇంట్లో వేరే పెరుగు ఉంచకూడదు. ఈ పెరుగు ఇంకెవరికీ పెట్టకూడదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒంట్లో కుక్కను పడుకోబెడితే దొంగలు పడతారని ప్రయోగశాల పెద్ద పరాంకుశం గారు నాకు విడమరిచి చెప్పారు. ఇచ్చినట్టు తెలిస్తే మా పేరు జాబితాలోంచి కొట్టేస్తారు, మళ్లీ జన్మలో తోడు ఇవ్వరు. అలా అని రాసున్న కాగితం మీద నేనే సంతకం పెట్టాను.

ఆ సోమవారం సీసా కోసం వెళితే కొట్టు షట్టరు దించి ఉంది. మెట్ల మీద ఏసోబు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో క్యారేజీ ఉంది, దాని మూత కూడా తీయలేదు.

"మూసేశారక్కా," అన్నాడు. "లాభం రావట్లేదంట. నాకే శనివారం సాయంత్రం చెప్పారు. నిన్న వ్యాను వచ్చి చల్లపెట్టె ఎత్తుకుపోయింది."

"మరి మా సీసా?"

"మీ చీటీ ఏ కొట్టుకి మార్పించుకున్నారు?"

"మార్పించుకోవడం ఏంది ఏసోబూ, నాకు తెలీదే."

అతను నా ఫోను తీసుకుని పైకీ కిందకీ వెతికాడు. నెల కిందట కంపెనీ నుంచి ఇంగ్లీషులో ఒక మెసేజీ వచ్చి ఉండాలట. పదిహేను రోజుల్లోపు వేరే ఊరి కొట్టు ఎంచుకుని ఒప్పుకుంటున్నట్టు నొక్కాలట. నాకు రోజుకు నలభై మెసేజీలు వస్తాయి, లాటరీ తగిలిందనీ లోను ఇస్తామనీ. అన్నిటినీ కలిపి తుడిచేయడం నాకు అలవాటు. అదీ తుడిచేసుంటాను.

ఏసోబు కంపెనీ నంబరుకి ఫోను చేశాడు. ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, పాట వినిపించింది. ముప్పావుగంట ఎండలో నిలబడి ఆ పాట విన్నాం. చివరికి ఎవరో అమ్మాయి పలికి, మా తోడు ఎవరూ కోరని వాటి జాబితాలో ఉందని, వాటి సంగతి ప్రయోగశాలలో అడగాలని చెప్పి పెట్టేసింది.

ఏసోబు జేబులోంచి నాలుగు పట్టీలు తీసి నా చేతిలో పెట్టాడు. "నా దగ్గర మిగిలినయ్యి ఇవే. ఎల్లుండి పొద్దున బస్సుకి ఒంగోలు పోదాం. రేపు ప్రయోగశాలకి సెలవు. అప్పటిదాకా ఉన్న పెరుగు కాపాడుకోండక్కా," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి పక్కింటికి తాళం వేసి ఉంది. పరుపులు కుట్టే మౌలాలిని ఆదివారం ఒంగోలు ఆస్పత్రిలో చేర్చారు. అతని భార్య కాశింబీ కూడా వెళ్లింది. వాళ్ల తాళంచెవి మా వంటింట్లో మేకుకి వేలాడుతోంది. మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ, పద్దెనిమిదేళ్లుగా ఎవరు ఊరెళ్లినా తాళంచెవి రెండో ఇంట్లో ఉంటుంది.

మంగళవారం పొద్దున గిన్నె మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. ఏడో రోజు పెరుగు చివరి చెంచాతో పెట్టిన తోడు అది. చేవ చచ్చిపోయింది. చెంచు బడికి తయారవుతూ జడ వేసుకుంటోంది. దానికి కొట్టు సంగతి చెప్పలేదు. రేపు ఒంగోలు వెళ్లి తెచ్చేస్తానులే, ఈలోగా దాన్ని భయపెట్టడం ఎందుకు అనుకున్నాను.

తోడు లేనప్పుడు మా అమ్మ చేసే పని ఒకటుంది. గోరువెచ్చటి పాలలో పచ్చిమిరపకాయ తొడిమలు నాలుగు వేస్తే సాయంత్రానికి ఎలాగోలా తోడుకుంటుంది. నేనూ అదే చేశాను. ఎందుకు చేశావంటే చెప్పలేను. సాయంత్రానికి పెరుగు గట్టిగా, తెల్లగా, చక్కగా తోడుకుంది. దాన్ని చూస్తే నాకు ధైర్యం వచ్చింది. చూడండి మనసు ఎంత మోసకారిదో. పట్టీ ముంచాను. అది సున్నం రాసిన గోడలా తెల్లగా ఉంది. అరగంట చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను, రంగు వస్తుందేమోనని.

"ఏందమ్మా అది?" అని వెనక నుంచి చెంచు అడిగింది. అది బడి నుంచి ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు.

అప్పుడు చెప్పక తప్పలేదు. అంతా విని మంచం మీద కూర్చుంది. ఏడవలేదు. లెక్కల టీచరు కదా, వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టుకుంది.

బుధవారం నేనూ ఏసోబూ ఒంగోలు వెళ్లాం. ఆ ప్రయోగశాలలో చల్లగది ఒకటి ఉండేది. ఇంతకుముందు వచ్చినప్పుడు దాని తలుపు సందులోంచి వచ్చే గాలికే ఒళ్లు జలదరించేది. ఇప్పుడు తలుపు బార్లా తీసి ఉంది, లోపల ఉక్కగా ఉంది. అరలన్నీ ఖాళీ. పరాంకుశం గారు అట్టపెట్టెల మధ్య కూర్చుని ఏవో కాగితాలు చించుతున్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు గానీ రండి అని అనలేకపోయారు.

"ఎవరూ కోరని సీసాలు పోయిన శుక్రవారం ఆవిరి పెట్టెలో పెట్టి చంపించేశారమ్మా," అన్నారు. "నూట పదకొండు. నేనే సంతకం పెట్టాను. పెట్టనంటే నన్ను పక్కనపెట్టి ఇంకొకరితో పెట్టిస్తారు."

"మళ్లీ చెయ్యండి," అన్నాను. "చెంచుని తీసుకొస్తా. దాని కడుపులోంచి మళ్లీ తీసి చెయ్యండి."

"చేస్తాం. హైదరాబాదులో చెయ్యాలి. నలభై రోజులు పడుతుంది."

"దానికి ఎన్ని రోజులుంది?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇవాళే పాత మాత్రలు మొదలుపెట్టండి, రాసిస్తాను. ఆమెకి పడవని తెలుసు. అయినా పది రోజులు కాపు కాస్తాయి. అంతకుమించి నాకు నమ్మకం లేదు."

పక్కన ఏసోబు గోడకి ఆనుకున్నాడు. నా ఎడమ పక్క, కోసి తీసిన చోట, కుట్లు ఎప్పుడో మానిపోయిన చోట సలుపుతున్నట్టు అనిపించింది. రెండేళ్ల కిందట ఆపరేషను గదిలోకి వెళ్తూ నేను దేవుణ్ణి ఒకటే అడిగాను. నాకేమైనా ఫరవాలేదు, ఇచ్చింది నిలబడాలని. ఇప్పుడది ఒక మెసేజీ వల్ల పోతోంది.

పరాంకుశం గారు తలుపు వైపు చూసి గొంతు తగ్గించారు. "ఒక మాట అడుగుతాను, కోప్పడకండి. ఈ పెరుగు ఎప్పుడైనా, ఎవరికైనా ఇచ్చారా? చుట్టాలకో, ఇరుగుపొరుగుకో? ఇవ్వొద్దని చెప్పింది నేనే. ఇవాళ మాత్రం ఇచ్చి ఉంటే బాగుండునని అడుగుతున్నాను. ఎక్కడైనా ఒక చెంచాడు బతికి ఉంటే దాన్ని నిలబెట్టే ప్రయత్నమైనా చేయొచ్చు."

"లేదు," అన్నాను. అడిగిన మరుక్షణం అన్నాను.

ఇచ్చాను. నెలన్నర కిందట ఇచ్చాను. కాశింబీ వాళ్లు చుట్టాల పెళ్లికి పొదిలి వెళ్లి నాలుగు రోజులకు వచ్చారు. వాళ్లింట్లో తోడు పాడైపోయింది. పొద్దున్నే ఖాళీ గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. "అక్కా, కాస్త తోడెయ్యి. మా ఆయనకి పెరుగు లేందే ముద్ద దిగదని తెలుసుగా," అంది. ఆమెకి పెరుగు వాసనే గిట్టదు, అతని కోసమే తోడుపెడుతుంది. మా ఇంట్లో వేరే పెరుగు ఉంచకూడదు కదా, ఉన్నది మందు పెరుగు ఒక్కటే. లేదని చెప్పాలి. లేదంటే, రోజూ మీ ఇంట్లో పెరుగు తోడుకోవడం చూస్తూనే ఉన్నాగా అనుకుంటుంది. నా చెయ్యి వెళ్లి చెంచాడు తీసి ఆమె గిన్నెలో వేసేసింది. ఒక్క చెంచాడుకి ఏమవుతుందిలే అనుకున్నాను.

వారం తర్వాత ఆమే సంబరంగా చెప్పింది. "నీ తోడు భలేగా ఉందక్కా. ముంత బోర్లించినా జారట్లా." అప్పుడైనా పారబోయమని చెప్పాల్సింది. చెబితే ఎందుకో చెప్పాలి, అది ఊరంతా తెలుస్తుంది, మా పేరు కొట్టేస్తారు. తర్వాత మౌలాలి పరుపు కుడుతుంటే బొటనవేలికి దబ్బనం దిగింది. అది మానలేదు. చీము పట్టింది. దగ్గు మొదలైంది. ఇంత కాలం దూది దుమ్ములో బతికిన మనిషి కదా, అందరూ దూది వల్లే అన్నారు. నేనూ అవునన్నాను. నాకు తెలుసా అంటే తెలుసు. మూడు వారాలుగా గోడ అవతల అతను దగ్గుతుంటే విని, లేచి వెళ్లి మా కిటికీ వేసుకునేదాన్ని.

తిరుగు బస్సు చీమకుర్తి దాటాక కాశింబీ ఫోను చేసింది.

"అక్కా, నీకో పని చెప్పాలి. తాళం తీసి మా ఇంట్లో ముంతలో పెరుగుంది, కాస్త చూడు. ఈ నాలుగు రోజుల్లో పులిసి ఉంటది గానీ తోడుకి పనికొచ్చిద్ది. పాలు తోడేసి రేపు బస్సులో ఎవరితోనన్నా పంపించక్కా. నేను తెచ్చిన డబ్బా నిన్నటితో అయిపోయింది. ఈయన పెరుగన్నం తప్ప ఏదీ మింగట్లా. దుమ్ము పడలేదని వాపు తగ్గే మందేదో ఎక్కిస్తన్నారు, ఎక్కించే కొద్దీ ఇంకా నీరసపడతన్నాడు."

"అట్టాగేలే," అన్నాను.

పక్కన కూర్చున్న ఏసోబుని అడిగాను, వాపు తగ్గించే మందు అంటే ఏమిటని. అతను ఇరవై ఏళ్లుగా మందులు ఇస్తున్నవాడు. "అదీ ఒంట్లో కాపలాని పడుకోబెట్టేదేనక్కా, చెంచమ్మ మందుకి చిన్నాయన బిడ్డ లాంటిది. ఏం, ఎవరికిస్తన్నారు?" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. మేకు మీది తాళంచెవి తీసుకుని కాశింబీ తలుపు తెరిచాను. దూది వాసన, మూల సగం కుట్టిన పరుపు, దాని అంచుకి గుచ్చిన దబ్బనం. వంటింట్లో అలమరలో గుడ్డ కట్టిన మట్టిముంత ఉంది. మూడు తరాల ముంత అని ఆమె చెప్పుకునేది, వాళ్ల అత్తకి ఆమె అత్త ఇచ్చినది. గుడ్డ విప్పితే పైన పసుపుపచ్చ నీళ్లు తేలి ఉన్నాయి, ఘాటు వాసన వేసింది. పట్టీ ముంచాను.

నిగనిగలాడే వంకాయ రంగు వచ్చింది. ఏసోబు ఇచ్చిన కొత్త సీసాలో కూడా అంత ముదురు రంగు ఎప్పుడూ చూడలేదు.

నేల మీద కూలబడి ఏడ్చాను. చెంచు బతుకుతుందని ఏడ్చాను. ఆ రంగంతా నెలన్నరగా మౌలాలి పొట్టలోకి వెళ్లిందని ఏడ్చాను. రెండు ఏడుపులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. తర్వాత గరిటెడు పెరుగు గిన్నెలోకి తీసుకుని, దీపం వేళ అని తెలిసి కూడా, ఆ గడప దాటించి మా ఇంటికి తెచ్చాను.

గురువారం పొద్దునకు మా స్టీలు గిన్నెలో పెరుగు తోడుకుంది. పట్టీ రంగు తిరిగింది. గిన్నెడు తీసి చెంచు ముందు పెట్టాను. మాత్రలు వేసుకుని రాత్రంతా వాంతులు చేసుకుంది, కళ్లు లోపలికి పోయాయి.

"ఇది యాడిదమ్మా? ఒంగోల్లో లేదన్నారన్నావుగా."

"తిను ముందు."

"యాడిదో చెప్పు."

చెప్పాను. చెప్తూ దాని మొహంలోకి చూడలేక పట్టీ వైపు చూస్తూ చెప్పాను. అది చెంచా కింద పెట్టేసింది.

"మౌలాలి బాబాయి జబ్బు దీనివల్లే కదా?"

"ఆయనకి ఇయ్యాళ కొట్లో కొన్న పెరుగు పంపిస్తా. ఒంట్లోకి ఈ మందు పోకపోతే జబ్బు అదే తగ్గిద్ది."

"వాళ్లు తప్పుడు మందు ఎక్కిస్తంటే ఎట్టా తగ్గిద్దమ్మా?"

"చెప్తే మన పేరు కొట్టేస్తారే. నలభై రోజుల తర్వాత వచ్చే తోడు కూడా ఇక రాదు. ఈ గిన్నెలోది ఏడు రోజులే. తర్వాత నిన్నేం పెట్టి బతికించుకోవాలి?" నా గొంతు పెద్దదైంది. అంగన్‌వాడీలో కూడా ఎప్పుడూ అంత గట్టిగా అరవలేదు.

చెంచు అరవలేదు. "నువ్వు వెళ్లి చెప్పొచ్చిందాకా నేను తినను," అంది. అని గిన్నె మీద మూత పెట్టింది. మొండిది. కిడ్నీ నాదే కదా, మొండితనం దాంతో పాటే వెళ్లుంటుంది.

ఒంగోలు ఆస్పత్రి వరండాలో కాశింబీ నా చేతిలో డబ్బా చూసి ఎదురొచ్చింది. నాలుగు రోజుల్లో మనిషి సగమైంది. వార్డు తలుపులోంచి మౌలాలి మంచం కనబడుతోంది. అతని బొటనవేలికి తలకాయంత కట్టు కట్టి ఉంది.

"తెచ్చావా అక్కా?" అంటూ చెయ్యి చాపింది.

"ఇది కొట్లో కొన్న పెరుగు కాశింబీ. కూర్చో, నీకో సంగతి చెప్పాలి," అన్నాను.

ఆ బల్ల మీద కూర్చుని మొత్తం చెప్పాను. తోడు సంగతి, సంతకం సంగతి, దబ్బనం దిగిన రోజు నుంచి నాకు అనుమానం ఉన్న సంగతి. ఆమె నా మొహం మీంచి చూపు తిప్పలేదు. నర్సు వచ్చి పేరు పిలిచినా వినలేదు.

"ఎన్నాళ్ల నుంచి తెలుసు?"

"మూడు వారాలు."

"మూడు వారాల నుంచి మా ఆయన దగ్గుతుంటే మిరియాల పాలు కాచి గోడ మీంచి అందించావు."

"అందించాను."

"మరి ముంత యాడుంది?"

"మీ ఇంట్లోనే ఉంది. నిన్న గరిటెడు తీసుకున్నా."

"నన్ను అడక్కుండా."

"అడక్కుండా."

ఆమె చెయ్యి చాపింది. ఏమిటో నాకు మొదట అర్థం కాలేదు. "తాళంచెవి," అంది. చెంగు ముడి విప్పి ఇచ్చాను. పద్దెనిమిదేళ్లలో ఆమె దాన్ని నా దగ్గర అడిగి తీసుకోవడం అదే మొదలు. వార్డులోకి వెళ్లిపోయింది.

నేనే వెళ్లి డ్యూటీ డాక్టరమ్మకి చెప్పాను. పరాంకుశం గారికి ఫోను చేస్తే అరగంటలో వచ్చారు. ఎక్కించే మందు ఆపించారు, రక్తం తీయించారు, వేరే మందులు రాయించారు. తర్వాత నన్ను పక్కకి పిలిచారు.

"ఏ మందు ఎంత కాలం పోయిందో నేను రాతపూర్వకంగా ఇవ్వాలమ్మా. లేకపోతే వీళ్లు దీన్ని నమ్మి వైద్యం చెయ్యరు. ఇస్తే అది కంపెనీకి చేరుతుంది."

"రాయండి," అన్నాను.

రాశారు. రాసి నా వైపు తిరిగారు. "నెలన్నర ఎలా బతికిందో నాకు అర్థం కావట్లేదు. ఆవిడ ముంత ఎలా కడుగుతుంది?" అని అడిగారు.

"కడగదండీ. మట్టిముంతని వేణ్ణీళ్లతో కడిగితే పెరుగు రుచి పోతుందంటుంది. ఎండలో పెట్టి, అదే ముంతలో మళ్లీ తోడుపెడుతుంది."

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. "మట్టిలో ఇంకి కూర్చుంది. మేమేమో రోజూ కాగే నీళ్లతో కడగమన్నాం. మా శుభ్రమే దాన్ని వారానికోసారి చంపిందమ్మా," అన్నారు. ఆ మాట పదేళ్ల పని మీద ఆయనే కొట్టుకున్న దెబ్బ. నాకు జాలి వేసింది గానీ ఓదార్చే ఓపిక లేదు. కొత్త కుండలో పెడితే నిలుస్తుందా అని అడిగాను. నిలవచ్చు, నిలవకపోవచ్చు, ఆ ముంత ఉంటే మాత్రం నిలుస్తుంది అన్నారు.

శనివారం జీవదధి నుంచి మెసేజీ వచ్చింది. ఈసారి తుడిచేయలేదు. చెంచు చదివి వినిపించింది. దాని పేరు కొట్టేశారు.

ఇంక మిగిలింది మా గిన్నెలో ఉన్నదే. రెండు కొత్త కుండలు తెచ్చి వాటిలోనూ పెట్టి చూశాను, ఒకదాంట్లో బూజు పట్టింది, రెండోదాంట్లో పుల్లటి నీళ్లు తప్ప ఏమీ రాలేదు. ఏసోబు ఎక్కడెక్కడో మూతపడిన కొట్లవాళ్లని అడిగి ఇంకో పది పట్టీలు తెచ్చిచ్చాడు. సోమవారం ముదురు రంగు. మంగళవారానికి లేత రంగు. బుధవారం పొద్దున పట్టీ వెలిసిపోయిన రవికలా ఉంది. చెంచు దాన్ని చూసి, గిన్నెడు తిని బడికి వెళ్లింది.

ఆ మధ్యాహ్నం పక్కింటి తాళం తీసిన చప్పుడైంది. దుప్పట్ల కోసం కాశింబీ ఒంగోలు నుంచి వచ్చినట్టుంది. మౌలాలికి జ్వరం దిగిందనీ, వేలు మాత్రం పైకణుపు దాకా తీసేశారనీ ఏసోబు ముందే చెప్పాడు. బొటనవేలు లేని చేత్తో దబ్బనం పట్టుకోవడం కుదరదు.

వెళ్లి అడగాలి. అడిగే మొహం లేదు. గోడకి చెవి ఆనించి నిలబడ్డాను, దొంగలా. స్టవ్వు వెలిగించిన చప్పుడు, గిన్నెలో నీళ్లు పోసిన చప్పుడు, కాసేపటికి ఆ నీళ్లు మరుగుతున్న చప్పుడు. ముంత కడుగుతోంది. కడగనీ, అది ఆమె ముంత, దాని వల్ల ఆమె కాపురం ఏమైందో చూశాను. అయినా నా నోటి నుంచి "వద్దు కాశింబీ" అని వచ్చేసింది. గోడ అవతలికి వినిపించేంత గట్టిగా రాలేదు.

చప్పుడు ఆగిపోయింది. తర్వాత పెరటి తలుపు తీసింది. నేను పెరట్లోకి పరుగెత్తాను. పిట్టగోడ అవతల కాశింబీ రెండు చేతులతో ముంత పట్టుకుని నిలబడి ఉంది. గుడ్డ కట్టే ఉంది.

"పోద్దామని నీళ్లు కాచా," అంది. "చెయ్యి రాలా."

ముంతని గోడ మీద పెట్టింది. నేను చేతులు చాపాను గానీ ముట్టుకోలేకపోయాను.

"చెంచుకి ఇస్తన్నా," అంది. "నీకు కాదు."

లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

అది జరిగి ఏడు నెలలైంది. పట్టీ రోజూ వంకాయ రంగుకే తిరుగుతోంది. కొట్లు మూతపడి తోడు అందని రోగుల కోసమని పరాంకుశం గారు ఉద్యోగం మానేసి ఎక్కడో మట్టికుండలతో ప్రయోగాలు చేస్తున్నారట. మౌలాలి పరుపులు కుట్టడం మానేశాడు, సంతలో దిండ్లు అమ్ముతున్నాడు. నన్ను చూస్తే వదినా బాగున్నావా అంటాడు. కాశింబీ అనదు. చెంచుని మాత్రం పిలిచి, ముంత ఎండలో పెడుతున్నావా అని అడుగుతుంది.

ఆమె కొత్తగా కొన్న కుండలో పెరుగు సరిగ్గా నిలవదు. తోడు విరిగినప్పుడల్లా పొద్దున్నే ఖాళీ గిన్నె పట్టుకుని వీధిలోకి వస్తుంది. ఆమె కోసమే నేను మళ్లీ వేరే గిన్నెలో మామూలు పెరుగు తోడుపెట్టడం మొదలుపెట్టాను. రోజూ పొద్దున దాన్ని దగ్గర పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటాను. ఆమె నా ముందు నుంచే నడిచి నాలుగో ఇంటికి వెళ్లి అడుగుతుంది.